పెద్దక్క నేర్చుకున్న సగం ఊపిరి

లిఫ్టులో మనిషి ఇరుక్కుని కేకలు పెడుతుండగా పెద్దక్క చెవుల మీది హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టేసింది.

బయటివాళ్లకు ఇందులో తప్పేముందో తెలియదు. ఆ గదిలో పనిచేసేవాళ్లకు మాత్రం అది కాపలా ఉండాల్సినవాడే గోడ దూకి పారిపోవడం లాంటిది. గోడకు అంటించిన రూళ్లలో మొదటిదే అది: తలుపు తెరుచుకునేదాకా లైను వదలకూడదు. నీళ్లు తాగినా లైను మీదే, తుమ్మినా లైను మీదే. పంతొమ్మిదేళ్లుగా కొత్తగా చేరినవాళ్లను నిలబెట్టి ఆ రూలు అప్పజెప్పించుకునేది ఎవరనుకున్నారు? ఈ పెద్దక్కే.

అది లిఫ్టుల కంపెనీ ఆఫీసు. ఆ కంపెనీ లిఫ్టులు పెట్టిన బిల్డింగులు ఆరు వందల పైచిలుకు ఉన్నాయి. ఏ లిఫ్టు ఎక్కడ ఆగిపోయినా, లోపలున్నవాళ్లు గంట బొమ్మ ఉన్న బటన్ నొక్కితే మూడో అంతస్తులోని ఈ గదిలో, గోడ మీది బోర్డులో ఎర్రలైటు వెలుగుతుంది. నాలుగు బల్లల్లో ఎవరో ఒకరి చెవిలో గంట మోగుతుంది. వాళ్లు మెకానిక్కుకు కబురు చేసి, అతను వెళ్లేదాకా లోపలి మనిషిని మాటల్లో పెట్టాలి. ఊసుపోక చెప్పే కబుర్లు కావవి. భయపడినవాడు తలుపులు లాగుతాడు. తలుపులు వచ్చాయంటే రెండంతస్తుల మధ్య వేలాడే ఆ పెట్టెలోంచి బయటికి దూకబోతాడు. కాలు జారిందా, కింద పాతాళమే.

ఆ రోజు ఇరుక్కున్నది ఒక బ్యాంకు గుమాస్తా. పెద్దక్క లైను వదిలేశాక, పక్క బల్లలో ఉండే, గడియారం అని అందరూ పిలిచే ఆమె చూసి అందుకునేసరికి ఒకటిన్నర నిమిషం అయింది. ఆలోగా ఆయన తలుపులు చీల్చుకుని ఒక కాలు బయట పెట్టేశాడు. గడియారం అరిస్తే వెనక్కి తీసుకున్నాడు. కాలు గీరుకుపోయింది, అంతే. అంతేతో పోయింది కాబట్టి అంతే అంటున్నాం.

సూపర్వైజరు పెద్దక్కను తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు. మెత్తటివాడే, కానీ మెత్తటివాళ్లు కోప్పడితేనే గుండెలో దిగుతుంది.

"పంతొమ్మిదేళ్ల సర్వీసని ఊరుకుంటున్నానమ్మా. ఇంకొక్కసారి లైను వదిలారంటే మిమ్మల్ని స్పేరు పార్టుల గదికి పంపించడం తప్ప నాకు దారి లేదు. ఇవాళ్టి నుంచి మీ కాల్స్ నేను కూడా వింటాను."

"స్పేరు పార్టుల గదిలో నేనేం చెయ్యాలి సార్?"

"నట్లు, బోల్టులు, తీగల చుట్టలు. రాసుకోవాలి, ఇవ్వాలి. అక్కడ ఎవరూ కేకలు పెట్టరు. మీకు సుఖం."

సుఖమట! మాట్లాడితేనే బతికున్నట్టుండే మనిషిని నట్ల మధ్య కూర్చోబెట్టి సుఖం అంటే ఎలా? ఎందుకు హెడ్‌ఫోను తీశారని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. అడిగినా చెప్పలేకపోయేది. ఆ గుమాస్తా "ఊపిరాడట్లేదు, ఊపిరాడట్లేదు" అంటుంటే ఆమెకు నిజంగానే ఊపిరి ఆడలేదు. గది గోడలు దగ్గరకొచ్చేశాయి. చెవుల మీద ఎవరో దిండు పెట్టి నొక్కుతున్నట్టనిపిస్తే, చెయ్యి దానంతటదే వెళ్లి తీసేసింది.

ఇది ఆమె పుట్టుబుద్ధి కాదు. నాలుగు నెలల కిందటి వరకూ ఆ గదిలో పెద్దక్కను మించినవాళ్లు లేరు. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నట్టు, ఎవరు ఇరుక్కున్నా "ఏం నాయనా, పొద్దున్నే ఎవరి మొహం చూశావ్?" అని మొదలుపెట్టేది. లోపలివాళ్లు ముందు తిట్టేవాళ్లు, తర్వాత నవ్వేవాళ్లు, మెకానిక్కు వచ్చేసరికి తమ అత్తగారి సంగతులు సగంలో ఆపలేక అవస్థ పడేవాళ్లు. ఒకావిడైతే తలుపు తెరిచాక కూడా "ఒక్క నిమిషం బాబూ, అక్కకు ఈ ముక్క చెప్పేసి వస్తా" అందట.

మరి ఏమొచ్చిందంటే, క్లాసు వచ్చింది.

కంపెనీలో సెలవు చీటీలు ఎక్కువయ్యాయి. ఒకరికి నిద్ర పట్టదు, ఒకరికి కడుపులో మంట, ఒకరు ఏమీ చెప్పకుండానే మానేశారు. పైవాళ్లు ఆలోచించి, పనిచేసేవాళ్ల మనసు బాగుండాలని ఒక మేడమ్‌ను రప్పించారు. ఆవిడ చెప్పేదాని పేరు న్యూరో లింగ్విస్టిక్ ప్రోగ్రామింగ్. ఆ పేరు తిరగడానికే కొందరి నాలుకకు సెలవు కావాల్సి వచ్చింది. పెద్దక్క ఒక్కసారి ప్రయత్నించి, "పొడుగు పేరు క్లాసు" అని తేల్చేసింది. మాటతో మనసును, మనసుతో ఒంటిని ఎలా దారిలో పెట్టుకోవాలో చెప్పే విద్య అది. అందులో ఎంత నిజమో పెద్ద చదువులవాళ్లే ఇంకా తగవులాడుకుంటున్నారట. ఆ మేడమ్ మాత్రం మంచావిడ, మనసు పెట్టి చెప్పింది. రెండు రోజుల క్లాసు.

చిక్కల్లా ఆ రెండు రోజుల్లోనే ఉంది. బల్లలు ఖాళీగా ఉండకూడదు కదా! లిఫ్టులు మన క్లాసు చూసుకుని ఆగవు. సూపర్వైజరు బుర్ర గోక్కుని, మొదటి రోజు కిటికీ వైపు బల్లలవాళ్లు, రెండో రోజు గోడ వైపు బల్లలవాళ్లు అని పంచేశాడు. ఆ గదిలో ఏళ్ల తరబడి అన్నీ అలాగే పంచుకుంటారు: భోజనం విరామం, సెలవులు, కొత్త కుర్చీలు. క్లాసు కూడా అలాగే పంచుకోవచ్చనుకున్నాడు. కుండలో నీళ్లు ఏ రోజు ముంచుకున్నా అవే నీళ్లు కదా అనుకున్నాడు. రిజిస్టరులో అందరికీ టిక్కు పడింది.

పెద్దక్కది కిటికీ వైపు. మొదటి రోజు మేడమ్ చెప్పింది: "భయపడేవాళ్లను ఒడ్డున నిలబడి పిలవకండి. వాళ్లున్న చోటికి మీరు వెళ్లండి. వాళ్లు గబగబా ఊపిరి తీస్తే మీరూ అలాగే తియ్యండి. వాళ్ల మాటల్నే వాడండి. మీరు తమలాంటివాళ్లేనని వాళ్ల ఒంటికి తెలియాలి." జంటలుగా కూర్చోబెట్టి అదే చేయించింది. పెద్దక్క ఎంత బాగా చేసిందంటే, ఎదురుగా కూర్చున్నామె కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. పెద్దక్కకు ఆరు నిమిషాలు చాలు. క్లాసు మర్నాటి నుంచి ఆమె వేళాకోళాలు మానేసింది. ఎవరు రొప్పితే తనూ రొప్పింది, ఎవరు వణికితే తనూ వణికింది. లోపలివాళ్లు కరిగిపోయారు. మెచ్చుకుంటూ ఉత్తరాలు కూడా వచ్చాయి. రోజుకు పది మంది దగ్గరికి వెళ్లడమే కానీ, ఒక్కరి దగ్గర్నుంచీ తిరిగి రావడం ఎలాగో ఆమెకు తెలియదు.

ఇంటిదగ్గర ముందు కనిపెట్టింది మొగుడే. ఆయన టైలరు. ముందు గదే కొట్టు.

"ఏమిటా రొప్పు? ఎవరైనా తరిమారా?"

"బస్సు దిగి నడిచొచ్చాను."

"బస్సు నువ్వు నడిపినట్టుంది."

"మీ నోరు పడిపోను! కాసేపు నన్నిలా కూర్చోనివ్వండి."

కూర్చునేది. లేచి తలుపు తీసేది. మళ్లీ కూర్చునేది. స్నానాల గది తలుపు గడియ పెట్టుకోవడం మానేసింది. ఇంకో చిత్రం వినండి: లిఫ్టుల కంపెనీలో పనిచేస్తూ, మూడంతస్తులూ మెట్లెక్కి పోవడం మొదలుపెట్టింది. వాచ్‌మన్ అడిగితే మోకాళ్లకు మంచిదంది. మూడోవారానికి మోకాళ్లే నిజం చెప్పేశాయి.

గోడ వైపు బల్లలో కూర్చునే గడియారం కథ ఇంకోలా ఏడ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. తొమ్మిదంటే తొమ్మిదికి వచ్చి అయిదంటే అయిదుకు లేస్తుందని ఆ పేరు పెట్టింది కూడా పెద్దక్కే. రెండో రోజు క్లాసుకు వెళ్లొచ్చాక ఆమె గొంతు నూనె పూసినట్టయిపోయింది. ఎవరైనా బటన్ నొక్కి చస్తున్నామని అరుస్తుంటే, "నెమ్మదిగా... నాతో పాటు... హాయిగా..." అని మొదలుపెట్టేది.

"నేనిక్కడ చస్తుంటే జోల పాడతావేంటమ్మా? మనిషివా, టేపువా?" అని అవతల నుంచి తిట్లు. వారానికి మూడు ఫిర్యాదులు వచ్చాయి.

ఒకామె మునిగిపోతోంది, ఒకామె ఒడ్డు దిగడం లేదు. ఇద్దరి మధ్యా నాలుగడుగుల దూరం. అయినా మాటల్లేవు. హెడ్‌ఫోను సంగతి జరిగిన రోజు గడియారం, "నేనే లేకపోతే ఆయన ఏమయ్యేవాడో" అని పక్కవాళ్లతో అంది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, సూపర్వైజరు తిట్టినదానికన్నా ఆ మాటే పెద్దక్కకు గుచ్చుకుంది.

తర్వాతి వారం టీ గదిలో బల్ల మీద గడియారం కాగితం ఒకటి పడుంది. క్లాసులో పంచిన కాగితమే, మీద టీ గ్లాసు మరక. పెద్దక్క చదవాలని చదవలేదు. కళ్లు దానిమీద పడ్డాయి. మొదటి లైను: "నిన్న మనం చెప్పుకున్నట్టు..."

పెద్దక్క ఆగిపోయింది. తన సంచీలో నాలుగు మడతలు పెట్టుకున్న కాగితం తీసింది. ఆఖరి లైను: "మిగతాది రేపు చూద్దాం." ఆ మాట ఆమె నాలుగు నెలలుగా చదువుతూనే ఉంది. పెద్దవాళ్లు తప్పించుకోవడానికి అనే మాటే కదా అనుకుంది. దానికి నిజంగా ఒక రేపు ఉందని తట్టలేదు.

అప్పుడే గడియారం లోపలికొచ్చింది. "నా కాయితం..."

"ఇలా రా. కూర్చో. ముందు తిట్టుకుందామా, ఇది చదువుకుందామా?"

"ఏముంది అందులో?"

"ముందు చదువు. నాది చదివి తర్వాత నీది చదువు."

గడియారం చదివింది. మొహం మారింది. "అక్కా, అంటే మీకు... వెనక్కి రావడం చెప్పలేదా?"

"నాకు వెళ్లడమే చెప్పారు. నీకు?"

"వెళ్లాక వాళ్లను మెల్లగా ఎలా దింపాలో చెప్పారు. నేను వెళ్లకుండానే దింపుతున్నా!" నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అందుకేనా అందరూ నన్ను టేపంటున్నారు?"

"నిన్ను టేపంటే నయమే. నన్ను నట్ల గదికి పంపుతున్నారు."

ఆ పూట టీ చల్లారిపోయింది. గడియారం తనకు వచ్చింది చెప్పింది: అవతలివాళ్ల ఊపిరి దొరికాక మాటకు మాట కాస్త నిదానం చెయ్యాలి, వాళ్లే వెంట వస్తారు. పనయ్యాక లేచి, ఒళ్లు విదిలించుకుని మన చోటికి మనం తిరిగి రావాలి. మనం మునుగుతున్నామనిపిస్తే పట్టుకోవడానికి ముందే ఒక గుంజ పాతుకోవాలి. ఎప్పుడో మన మనసు నిలకడగా, నిండుగా ఉన్న క్షణం గుర్తు తెచ్చుకుని, అదే సమయంలో ఒంటి మీద ఒకచోట నొక్కాలి. రోజూ అలా చేస్తే, తర్వాత నొక్కితే చాలు, ఆ నిలకడ వస్తుందట.

"నీ గుంజ ఏమిటి?" అంది పెద్దక్క.

"నాకు డిగ్రీ ఇచ్చిన రోజు. ఈ వేలి కణుపు నొక్కుతా."

పెద్దక్క ఆ రోజు బస్సులో కూర్చుని వెతుక్కుంది. పెళ్లి రోజు? ఆ రోజంతా చెవిదిద్దు పోయిందని ఏడుపే. కూతురు పుట్టిన రోజు? నొప్పులు. ఉద్యోగం వచ్చిన రోజు? ఆ సాయంత్రమే అత్తగారితో గొడవ. నలభై ఎనిమిదేళ్ల బతుకులో కాసేపు నిలబడే క్షణం ఒక్కటీ దొరకకపోయేసరికి ఆమెకు భయం వేసింది. గుంజ లేకుండా మళ్లీ ఆ లైట్ల ముందు కూర్చోవాలి.

మర్నాడు పొద్దున మామూలుగానే మొగుడి సూదులకు దారాలు ఎక్కిస్తోంది. ఆయనకు చూపు తగ్గి మూడేళ్లయింది. రోజూ వెళ్లేముందు పన్నెండు సూదులకు ఆమే ఎక్కించి, మెత్త మీద వరసగా గుచ్చి వెళుతుంది. దారం కొస తడిచేసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుంది. సూది బెజ్జం వెలుతురుకు పెట్టింది. ఊపిరి ఆగింది. దారం వెళ్లింది. ఊపిరి వదిలింది.

అప్పుడు గమనించింది. నాలుగు నెలల్లో తన ఊపిరి తనదిగా ఉన్న చోటు ఇదొక్కటే.

"ఏమిటే, దారం పట్టుకుని నవ్వుతున్నావ్?" అన్నాడు టైలరు.

"గుంజ దొరికింది."

"ఏ గుంజ? గేదెను కొన్నావా ఏంటి?"

రోజూ పన్నెండు సూదులు, పన్నెండు సార్లు. వేళ్లు అలా పట్టుకుని, ఆ నిలకడ ఒంట్లోకి ఎక్కించుకుంది. ఆఫీసులో గడియారం ఆమెకు నిదానం నేర్పింది, ఆమె గడియారానికి అవతలివాళ్ల దగ్గరికి వెళ్లడం నేర్పింది. చేతులు కడుక్కునే చోట నిలబడి ఒకరు ఇరుక్కున్నట్టు, ఒకరు మాట్లాడుతున్నట్టు ఆడుకుంటుంటే, తుడిచే ఆవిడ చూసి ఇద్దరికీ మతి పోయిందని నలుగురికి చెప్పింది. అలా తొమ్మిది రోజులు గడిచాయి. తొమ్మిది రోజుల్లో వచ్చినవన్నీ చిన్న కాల్సే. సూపర్వైజరు ఆమె పక్కనే రెండో హెడ్‌ఫోను పెట్టుకుని వింటూనే ఉన్నాడు.

పదో రోజు మధ్యాహ్నం రెండు వందల పద్నాలుగో నంబరు లైటు వెలిగింది.

పదకొండంతస్తుల బిల్డింగు. నాలుగుకూ అయిదుకూ మధ్య ఆగింది. లోపల ఒక్కడే మగమనిషి. పెద్దక్క మెకానిక్కుకు ఫోను చేసింది. ఆయన పేరు అయిదునిమిషాలు. ఎప్పుడు అడిగినా ఆ మాటే చెబుతాడని ఆ పేరు.

"వంతెన మీద బండ్లన్నీ ఆగిపోయాయక్కా. అయిదు నిమిషాలు."

అంటే ముప్పావుగంట. పెద్దక్క లైనులోకి వెళ్లింది.

"ఎవరూ? వినబడుతోందా? తియ్యండి తలుపు! గాలాడట్లేదు!"

"వినబడుతోంది తమ్ముడూ. మెకానిక్కు బయల్దేరాడు."

"నాకు మెకానిక్కు అక్కర్లేదు. నేను ప్లంబర్ని. నా దగ్గర సామాను మొత్తం ఉంది. పైపు రెంచి పెట్టి రెండు తిప్పులు తిప్పితే తలుపు అదే వస్తుంది."

ఒట్టి చేతుల భయాన్ని మాటలతో ఆపొచ్చు. చేతిలో ఇనుముంటే? ఆ తలుపు నిజంగానే వస్తుంది. అదే కదా భయం.

సూపర్వైజరు కుర్చీలో ముందుకు జరిగాడు.

పెద్దక్క ముందు వెళ్లాల్సిన చోటికి వెళ్లింది. అతని రొప్పు అందుకుంది. "అవును తమ్ముడూ, ఇరుకే. ఉక్కపోత. చొక్కా తడిసిపోయుంటుంది."

"అదేగా చెప్తున్నా! మెడ పట్టేసినట్టుంది!"

"మెడ పట్టేసినట్టుంది. గోడలు మీదికొస్తున్నట్టుంది."

"వస్తున్నాయి! వస్తున్నాయక్కా!"

అక్కా అన్నాడు. దొరికాడు. ఇక నిదానం చెయ్యాలి. చెయ్యబోయింది. మాట రాలేదు. అతని రొప్పు ఆమె రొప్పయిపోయింది. బోర్డు మీది లైట్లు అలుక్కుపోయాయి. గోడలు ఒక్కటొక్కటే లేచి వస్తున్నాయి. చెవుల మీద దిండు. చెయ్యి హెడ్‌ఫోను వైపు లేచింది.

లైనులో కిర్రుమని చప్పుడు. ఇనుము సందులో దూరింది.

సూపర్వైజరు వేలు ఆమె లైను తను తీసుకునే మీట మీదికి వచ్చింది. అది నొక్కాడా, ఈ లైనే కాదు, కుర్చీ కూడా పోయినట్టే. అవతల గడియారం తన కాల్ తను మాట్లాడుతూ ఇటే చూస్తోంది, లేవడానికి లేదు. ఆమె లైనులోనూ ఒక ముసలావిడ ఇరుక్కుని ఉంది.

పెద్దక్క లేచిన చేతిని సగంలో ఆపింది. బొటనవేలు, చూపుడువేలు కలిపింది. దారం కొస తడి. సూది బెజ్జం. వెలుతురు. ఎడమ అరచెయ్యి సూపర్వైజరుకు అడ్డంగా చాపింది: ఆగండి.

కిర్రు... కిర్రు...

ఊపిరి ఆగింది. దారం వెళ్లింది. ఊపిరి వదిలింది. అది తన ఊపిరే.

"తమ్ముడూ," అంది. గొంతు ఒక మెట్టు కిందికి దిగింది. "ఏ అంతస్తులో పనికి వెళుతున్నావ్?"

"తొమ్మిది. పైపు పగిలింది. ఇదా ఇప్పుడు అడిగేది?"

"పగిలిన పైపు విప్పాలంటే ముందేం చేస్తావ్?"

"ముందు మెయిన్ వాల్వు కడతాం. కట్టే వస్తున్నా. మెయిన్ కట్టకుండా పైపు ముట్టుకుంటానా? ఇరవై రెండేళ్ల సర్వీసక్కా నాది, ఏమనుకున్నారు?"

"బాగా చెప్పావు. మరి ఈ లిఫ్టుకు మెయిన్ ఎవరు కట్టారు?"

కిర్రుమనే చప్పుడు ఆగింది.

సూపర్వైజరు వేలు మీట మీదే ఉంది, నొక్కలేదు.

"...కట్టలేదా?" అన్నాడు ప్లంబరు.

"కట్టలేదు. కట్టేవాడు వంతెన మీద ఉన్నాడు. లైను నిండుగా ఉండగా నీలాంటి పనిమంతుడు పైపు విప్పుతాడా, చెప్పు?"

"విప్పడు."

"రెంచి కింద పెట్టు. చప్పుడు నాకు వినబడాలి."

ఠంగుమంది.

"ఇప్పుడు నీ సామాను పెట్టె పక్కన కూర్చుని, ఒక్కోటీ తీసి నేల మీద పరుస్తూ నాకు పేరు చెప్పు. తొందరేం లేదు. తొందరపడితే ఎలా ఉంటుందో మీ పైపులకు తెలుసు."

"రెంచి... హ్యాక్సా..."

"ఊఁ. హ్యాక్సా. తర్వాత?"

"టేపు... వాషర్లు."

"వాషర్లు ఎన్ని సైజులు?"

"అరంగుళం... ముప్పావు..." ప్రతి పేరు తర్వాతా పెద్దక్క ఊపిరి కాస్త పొడుగు చేసింది. నాలుగో వాషరు దగ్గర అతని ఊపిరి ఆమె వెంట వచ్చింది. సూపర్వైజరుకు కూడా తెలియకుండా ఆయన ఊపిరీ వచ్చింది.

అంతలో లైనులో ధడేలుమంది. ప్లంబరు కెవ్వుమన్నాడు.

"అక్కా! దిగింది! జానెడు దిగి ఆగింది!"

పెద్దక్క వేళ్లు గట్టిగా నొక్కుకుంది. "ఎక్కడ కూర్చున్నావ్?"

"పెట్టె దగ్గర... నేల మీదే."

"కాళ్లు, చేతులు?"

"లోపలే ఉన్నాయి." తర్వాత చిన్నగా, "తలుపు వచ్చుంటే ఈపాటికి నా కాలు ఆ సందులో ఉండేదక్కా," అన్నాడు.

"లేదు కదా. నీ కాలు నీ దగ్గరే ఉంది. తర్వాత ఏ సామాను?"

ఇంకో పాతిక నిమిషాలు. పెట్టెలోని సామాను అయిపోతే జేబులోది చెప్పించింది. జేబు అయిపోతే అతని పెళ్లాం తిట్టే తిట్లు చెప్పించింది. ఆ తిట్లు విని పెద్దక్కకు నవ్వొచ్చింది. నాలుగు నెలల్లో లైను మీద నవ్వడం అదే మొదటిసారి. "నీ పెళ్లాం నోటికి ఏ రెంచీ సరిపోదు తమ్ముడూ," అంటే అవతల అతనూ నవ్వాడు.

అయిదునిమిషాలు వచ్చాడు. పైన మెషిను గదిలో మెయిన్ కట్టాడు. లిఫ్టును చేత్తో నాలుగో అంతస్తుకు దింపాడు. తలుపు తెరుచుకున్న చప్పుడు, బయటివాళ్ల గోల, ఎవరో మంచినీళ్లు ఇమ్మనడం అన్నీ వినబడ్డాయి. అప్పుడు పెద్దక్క హెడ్‌ఫోను తీసింది. తీసి, గడియారం చెప్పినట్టు లేచి నిలబడి, ఒళ్లు విదిలించుకుని, "ఇది నా కుర్చీ, ఇది నా బల్ల, ఇది నా ఊపిరి" అని పైకే అనుకుంది. పక్కవాళ్లు వింటే విన్నారు.

సూపర్వైజరు తన హెడ్‌ఫోను మెడ మీదికి జార్చాడు. "మధ్యలో మాట్లాడ్డం ఆపేశారు. నాకు ప్రాణం పోయింది. ఏం చేస్తున్నారమ్మా అప్పుడు?"

"సూదిలో దారం ఎక్కిస్తున్నాను సార్."

ఆయనకు అర్థం కాలేదు. గడియారం దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకుంది.

"అది వదిలెయ్యండి సార్. మీ రిజిస్టరులో టిక్కులు కొట్టెయ్యండి. మాలో ఎవరికీ పూర్తి క్లాసు అవలేదు. కిటికీ వైపు వాళ్లం వెళ్లి మునిగేవాళ్లం, గోడ వైపు వాళ్లు దిగకుండా పిలిచేవాళ్లు." రెండు కాగితాలూ ఆయన ముందు పెట్టి, ఆఖరి లైను మీద ఒక వేలు, మొదటి లైను మీద ఒక వేలు ఉంచింది.

ఆయన చదివాడు. మళ్లీ చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. "నేను... రెండు రోజులూ ఒకటే పాఠం అనుకున్నా."

"మేమూ అడగలేదుగా సార్."

ఆయన సొరుగు లాగి ఒక కాగితం తీశాడు. మీద పెద్దక్క ఉద్యోగం నంబరు, కింద "స్పేరు పార్టుల గది" అని టైపు చేసి ఉంది, సంతకం ఒక్కటే తక్కువ. అది ముందే తయారై ఉందన్నమాట. ఆయన ఆమె కళ్లలోకి చూడకుండా కాగితం వెనక్కి తిప్పి, పెన్ను తీసుకున్నాడు.

"మేడమ్‌ను మళ్లీ పిలుస్తాను. ఈసారి ఎవరికీ సగం వద్దు. బల్లలు ఎవరు చూడాలో మీరే చెప్పండి."

"ఒక పూట మీరు కూర్చోండి సార్. లైను వదలకూడదు, తుమ్మాలన్నా లైను మీదే."

సాయంత్రం అయిదంటే అయిదుకు గడియారం లేచింది. పెద్దక్క సంచీ భుజాన వేసుకుంది. వరండాలో ఎడమ పక్క మెట్లు, కుడి పక్క లిఫ్టు. పెద్దక్క ఆగింది. గడియారం కూడా ఆగి, ఏమీ తెలియనట్టు అడిగింది.

"మెట్లా అక్కా?"

పెద్దక్క లిఫ్టు తలుపును కాసేపు చూసింది. వేళ్లు రెండూ వాటంతటవే కలిశాయి.

"లిఫ్టే. కానీ నువ్వు నాతో ఎక్కకు."

"ఎందుకు?"

"ఇరుక్కుంటే బటన్ నొక్కుతా. బల్ల దగ్గర నువ్వుండాలిగా. ఈసారి టేపులా మాట్లాడావో, చూసుకో."

తలుపు మూసుకుంది. గడియారం వెళ్లకుండా, అంతస్తు నంబర్లు మారడం చూస్తూ నిలబడింది. మూడు. రెండు. రెండు దగ్గర కాస్త ఎక్కువసేపే ఆగినట్టనిపించి ఆమె బల్ల వైపు ఒక అడుగు వేసింది. ఒకటి. సున్నా.

కింద నుంచి మెట్ల సందులోంచి పెద్దక్క గొంతు వినబడింది: "దిగానే! వచ్చెయ్, బస్సు పోతోంది!"